కోల్‌ట్రేన్‌ను వినడం ఎలా? ఒక్క పాట పట్టుకుని మొదలుపెట్టండి

"జాజ్ వినాలని ఉంది, ఎక్కడ మొదలుపెట్టాలి?" అని అడిగిన స్నేహితులకు ఒకప్పుడు నేను పెద్ద జాబితా పంపేవాణ్ణి. ఒక్కరూ రెండో ఆల్బమ్ దాటలేదు. తప్పు వాళ్లది కాదు, నా జాబితాది. సాక్సోఫోన్ అనగానే మనకు కద్రి గోపాల్‌నాథ్ కచేరీ గుర్తొస్తుంది, లేదంటే సినిమా పాటలో ప్రేమ సన్నివేశం వెనక వచ్చే చిన్న బిట్టు గుర్తొస్తుంది. ఆ చెవితో నేరుగా అమెరికా జాజ్ సాక్సోఫోన్ వాద్యకారుడు జాన్ కోల్‌ట్రేన్ దగ్గరికి వెళ్తే ఐదు నిమిషాల్లో ఊపిరాడదు. "ఏంటీ గోల" అనిపించి ఆపేస్తాం.

ఇప్పుడు నేను చెప్పే పద్ధతి వేరు. కోల్‌ట్రేన్ 1960లో ఒక పాట రికార్డు చేశాడు. 1967లో చనిపోవడానికి మూడు నెలల ముందు కూడా అదే పాట వాయించాడు. ఆ ఏడేళ్లలో మనిషి మారాడు, బృందం మారింది, వాయిద్యపు శబ్దం మారింది, పాట మాత్రం అదే. దాన్ని గట్టిగా పట్టుకుంటే ఆయన శైలి ఏమిటో, అందులో ఎవరెవరు కలిశారో ఒక్కొక్కటే విడిపోయి వినిపిస్తాయి. వారానికి ఒక అడుగు చొప్పున వెళ్లండి. తొందరపడితే మళ్లీ జాబితా చదివినట్టే అవుతుంది.

ముందుగా: చేతిలో ఏమున్నదో తెలుసుకోండి

సాక్సోఫోన్ ఒళ్లంతా ఇత్తడే అయినా శబ్దం పుట్టేది మాత్రం నోటి దగ్గర బిగించే రీడ్ అనే పల్చటి రెల్లు ముక్క నుంచి. నాదస్వరానికి రెండు ముక్కలు కలిసి ఉంటాయి, దీనికి ఒకటే. బెల్జియంకు చెందిన అడాల్ఫ్ సాక్స్ 1846లో పేటెంట్ తీసుకున్నాడు. సైజుల్లో మనకు మూడు చాలు: సన్నగా, నిటారుగా ఉండే సొప్రానో, మధ్యలో ఆల్టో, బరువైన గొంతున్న టెనర్. గోపాల్‌నాథ్ వాయించింది ఆల్టో. కోల్‌ట్రేన్ ఆల్టోతో మొదలుపెట్టి టెనర్‌లో స్థిరపడ్డాడు, 1960 నుంచి సొప్రానో కూడా పట్టాడు.

ఫోన్ స్పీకర్లో మాత్రం వినకండి. కింది స్థాయిలో మోగే బేస్ అనే పెద్ద తీగ వాయిద్యం వినపడకపోతే ఈ సంగీతంలో సగం పోయినట్టే. మామూలు ఇయర్‌ఫోన్లు చాలు.

మొదటి అడుగు: ఒకే పాటను నాలుగుసార్లు వినండి

పాట పేరు మై ఫేవరెట్ థింగ్స్. న్యూయార్క్ బ్రాడ్‌వేలో 1959లో మొదలైన ఒక సంగీత నాటకంలోది. భయమేసినప్పుడు ధైర్యం తెచ్చుకునే పాట, మూడు దెబ్బల వాల్ట్జ్ నడక. దాన్ని కోల్‌ట్రేన్ 1960 అక్టోబర్‌లో సొప్రానో మీద రికార్డు చేశాడు. నిడివి 14 నిమిషాలకు కాస్త తక్కువ. పియానో మెకాయ్ టైనర్, డ్రమ్స్ ఎల్విన్ జోన్స్, బేస్ స్టీవ్ డేవిస్.

మొదటిసారి పాట మాత్రమే వినండి. షడ్జమం నుంచి పంచమానికి ఎగిరే ఆ మొదటి అంగ మీ నోటికి రావాలి. కూనిరాగంగా తీసినా సరే. ఇది రాకపోతే ముందుకు వెళ్లొద్దు, ఎందుకంటే తర్వాత మీకు దారి చూపేది అదే.

రెండోసారి బేస్ ఒక్కదాన్నే పట్టుకోండి. దాదాపు ఒక్కచోటే నిలబడి మోగుతూ ఉంటుంది. తంబూరా విని పెరిగిన చెవికి ఇది వెంటనే అందుతుంది. ఆధార షడ్జమం కదలదు, పైన పియానో మాత్రం మైనర్ నుంచి మేజర్‌కి, మేజర్ నుంచి మైనర్‌కి మారుతుంది. మన భాషలో చెప్పాలంటే సాధారణ గాంధారం కాసేపు, అంతర గాంధారం కాసేపు. పాటలో మబ్బు పట్టినట్టు, మళ్లీ ఎండ కాసినట్టు అనిపించేది ఇక్కడే. అసలు పాటలో ఇన్నిన్ని బార్ల (మన ఆవర్తాల్లాంటివి) పాటు ఒకేచోట ఆగడం లేదు. కోల్‌ట్రేన్ బృందం ఆ ఆగే చోట్లను సాగదీసి, అక్కడే మనోధర్మం చేసుకుంది.

మూడోసారి పియానో, డ్రమ్స్. రెండు నిమిషాలు దాటాక సాక్సోఫోన్ తప్పుకుంటుంది, టైనర్ చాలాసేపు వాయిస్తాడు. మొదట్లో నాకు ఇక్కడ విసుగొచ్చేది. హీరో ఎక్కడికి పోయాడు అన్నట్టుండేది. తర్వాత తెలిసింది, అది నేలను చదును చేయడం. ఒకే తరహా కార్డులు (ఒకేసారి కలిపి మోగించే స్వరాల గుత్తులు) మళ్లీ మళ్లీ మోగి మోగి ఒక మత్తులాంటిది కమ్ముతుంది. వెనక ఎల్విన్ జోన్స్ మూడు దెబ్బల నడక మీద ఇంకో లెక్కను ఎక్కిస్తుంటాడు. మృదంగం మీద గతి మారడం గమనించే అలవాటు ఉంటే దీన్ని పట్టుకోవడం తేలిక.

నాలుగోసారి సాక్సోఫోన్ తిరిగొచ్చే చోటు నుంచి చివరిదాకా. అది సుమారు సగం దాటాక వస్తుంది. ముందు పాటనే అంటాడు. తర్వాత ఒక చిన్న ముక్క తీసుకుని దాన్ని తిప్పుతాడు, కింద వాయిస్తాడు, పైన వాయిస్తాడు, తోక కోసి వాయిస్తాడు. మన సంగతుల పద్ధతికి దగ్గరగానే ఉంటుంది. కాకపోతే వేగం ఎక్కువ. అసలు పాటలో చివర వచ్చే వేరే చరణాన్ని ఆయన అప్పటిదాకా దాచి, పాట ముగిసేటప్పుడే బయటికి తీస్తాడు. అది వచ్చిందంటే ఇల్లు చేరినట్టు.

రెండో అడుగు: గొంతును గుర్తుపట్టండి

శైలి అంటే వేగం అనుకునేవాళ్లు చాలామంది. వేగం తర్వాత వస్తుంది, ముందు నాదం. కోల్‌ట్రేన్ టెనర్ శబ్దం నిటారుగా, కాస్త గట్టిగా ఉంటుంది. ఆయనకు ముందు తరం టెనర్ వాద్యకారుల్లో చాలామంది స్వరాన్ని బాగా ఊపేవాళ్లు. ఈయన ఊపు తక్కువ. స్వరం మీద నిలబడితే నిలబడ్డట్టే. సాహిత్యం మింగకుండా పాడే గాయకుడిలా ఉంటుంది.

దీనికి పరీక్ష ఒకటుంది. 1962 సెప్టెంబర్‌లో పేరుమోసిన జాజ్ బృంద నాయకుడు డ్యూక్ ఎల్లింగ్టన్ పియానో వాయించగా కోల్‌ట్రేన్ రికార్డు చేసిన ఇన్ ఎ సెంటిమెంటల్ మూడ్ వినండి. వేగం లేదు, గారడీ లేదు. పాటను దాదాపు ఉన్నదున్నట్టు వాయిస్తాడు. దీన్నీ పై పాటనూ మార్చి మార్చి విని, రెండూ ఒకే మనిషివి అని మీ చెవి ఒప్పుకునేదాకా ఆగండి. ఆయన గోలగా వాయిస్తాడని ఎవరైనా అంటే నేను మొదట వినిపించేది ఇదే.

మూడో అడుగు: వెనక్కి నడవండి, ప్రభావాలు అక్కడ దొరుకుతాయి

ప్రభావాల గురించి చదివితే పేర్లు గుర్తుంటాయి, శబ్దం గుర్తుండదు. అందుకని ఒక్కో పేరుకు ఒక్కో రికార్డు పక్కన పెట్టుకోండి.

ఆయన 1926 సెప్టెంబర్ 23న అమెరికాలోని నార్త్ కరోలినా రాష్ట్రం, హామ్లెట్‌లో పుట్టాడు. పెరిగింది అదే రాష్ట్రంలోని హై పాయింట్‌లో. తాతలిద్దరూ చర్చి బోధకులు. తండ్రి దర్జీ, సరదాకు వయొలిన్ వాయించేవాడు. కోల్‌ట్రేన్‌కు 12 ఏళ్లప్పుడు తండ్రి పోయాడు. చర్చి బోధకుడు మాటను మెల్లగా మొదలుపెట్టి, ఒకే వాక్యాన్ని మళ్లీ మళ్లీ అంటూ పైకి లేపే తీరును ఒక్కసారి విని చూడండి. కోల్‌ట్రేన్ సోలోను కట్టే తీరు అదే. నా వరకు ఆయన మీద అన్నిటికన్నా లోతైన ప్రభావం ఇదే. దీన్ని ఏ సాక్సోఫోన్ గురువు ఖాతాలోనూ వేయలేం.

కుర్రతనంలో ఆయన ఆరాధించింది ఎల్లింగ్టన్ బృందంలోని ఆల్టో వాద్యకారుడు జానీ హాడ్జెస్‌ను. స్వరం నుంచి స్వరానికి జారుతూ, తేనె కారినట్టు వాయించే మనిషి. 1954లో కోల్‌ట్రేన్ కొంతకాలం ఆ హాడ్జెస్ బృందంలోనే పనిచేశాడు. ఇన్ ఎ సెంటిమెంటల్ మూడ్‌ను ఇప్పుడు మళ్లీ వినండి. హాడ్జెస్ ఏళ్ల తరబడి కూర్చున్న పియానో పక్కన కూర్చుని, ఆయనలా జారకుండా, ఎల్లింగ్టన్ పాటను కోల్‌ట్రేన్ ఎలా గౌరవించాడో తెలుస్తుంది.

1943లో కుటుంబం బతుకుతెరువుకు ఫిలడెల్ఫియా వెళ్లింది. అక్కడే 1945లో ఆల్టో దిగ్గజం చార్లీ పార్కర్‌ను ఎదురుగా విన్నాడు. ఆ తరంలో పార్కర్‌ను విని మామూలుగా ఇంటికి వెళ్లినవాళ్లు తక్కువ. కొన్నాళ్లకు ఎడ్డీ విన్సన్ బృందంలో పని దొరికింది. అక్కడ ఆల్టో వాయించేది విన్సనే కాబట్టి ఈయన టెనర్ పట్టాల్సి వచ్చింది. ఉద్యోగం కోసం పట్టిన వాయిద్యం జీవితమైపోయింది. టెనర్‌లో డెక్స్టర్ గోర్డన్, కోల్‌మన్ హాకిన్స్, లెస్టర్ యంగ్‌లను శ్రద్ధగా విన్నాడు. 1952 ప్రాంతంలో సాక్సోఫోన్ వాద్యకారుడు ఎర్ల్ బోస్టిక్ దగ్గర పనిచేస్తూ వాయిద్యాన్ని పై కొస నుంచి కింది కొసదాకా ఎలా వాడుకోవాలో గమనించాడు. బోస్టిక్ పేరు ఇవాళ పెద్దగా వినపడదు కానీ, కోల్‌ట్రేన్ పై స్థాయిలో అరిచినప్పుడు నాకు ఆయనే గుర్తొస్తాడు.

సొప్రానోకు మూలం న్యూ ఓర్లీన్స్ పాతకాపు సిడ్నీ బెషే. మై ఫేవరెట్ థింగ్స్ రికార్డు చేసిన ఆ వారంలోనే కోల్‌ట్రేన్ బ్లూస్ టు బెషే అని ఆయన పేరు మీద ఒకటి వాయించాడు.

ఇక 1957. ఈ సంవత్సరం దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి. 1955లో ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ బృందంలో చేరి పేరు తెచ్చుకున్న కోల్‌ట్రేన్‌ను హెరాయిన్ అలవాటు కారణంగా డేవిస్ 1957లో తీసేశాడు. ఆ ఏడాదే ఆయన మత్తు మానేశాడు. ఆ తర్వాత పియానిస్టు థెలోనియస్ మంక్‌తో న్యూయార్క్‌లోని ఫైవ్ స్పాట్ అనే చిన్న క్లబ్బులో నెలల తరబడి వాయించాడు. మంక్ పాటలు వంకరటింకర మెట్లలా ఉంటాయి. ఎక్కడ కాలు జారుతుందో తెలియదు. మధ్యలో మంక్ పియానో వదిలేసి లేచి నిలబడేవాడు, సాక్సోఫోన్‌కు దన్నుగా బేస్, డ్రమ్స్ మాత్రమే మిగిలేవి. చేయి పట్టుకునేవాడు లేనప్పుడు నడక వస్తుంది. ఒకేసారి రెండు మూడు స్వరాలు పలికించే కిటుకు చూపినవాళ్లలో మంక్ ఒకడని కోల్‌ట్రేనే చెప్పాడు.

వీళ్లిద్దరూ ఆ ఏడాది నవంబర్ 29న కార్నెగీ హాల్‌లో వాయించిన టేపు ఎవరికీ తెలియకుండా వాషింగ్టన్‌లోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ అరల్లో పడి ఉండి, 2005లో బయటపడింది. శబ్దం శుభ్రంగా ఉంటుంది. ఈ అడుగుకు ఒక్కటే వినే తీరిక ఉంటే అది వినండి.

నాలుగో అడుగు: వేగాన్ని నెమ్మదిగా వినండి

1958లో ఇరా గిట్లర్ అనే విమర్శకుడు కోల్‌ట్రేన్ వాయిద్యాన్ని శబ్దపు దుప్పట్లతో పోల్చాడు. ఒక్కో స్వరం విడిగా వినపడదు, మొత్తం ఒక పరుపులా పరుచుకుంటుంది. మైల్స్ డేవిస్ మైల్‌స్టోన్స్ ఆల్బమ్‌లో స్ట్రెయిట్, నో చేజర్ వింటే తెలుస్తుంది. ఉన్న కాలంలో చెప్పాల్సిన స్వరాలు పట్టక, వాటిని ఐదేసిగా, ఏడేసిగా కూర్చాల్సి వచ్చేదని ఆయన వివరణ. ఖండ, మిశ్ర లెక్కలు తెలిసినవాళ్లకు ఇంతకంటే చెప్పనక్కర్లేదు.

ఆ దశకు శిఖరం 1959 మేలో రికార్డు చేసిన జెయింట్ స్టెప్స్. 16 బార్ల పాట, విపరీతమైన వేగం. ఇక్కడ జరిగేది ఇది: ఆధార శ్రుతి ఒకచోట ఉండదు. అంతర గాంధారమంత దూరంలో ఉన్న మూడు శ్రుతుల మధ్య గెంతుతూ ఉంటుంది. కచేరీ మధ్యలో తంబూరా శ్రుతిని క్షణక్షణానికీ మార్చి, పాడేవాణ్ణి తడబడకుండా పాడమన్నట్టు.

యూట్యూబ్‌లో వేగాన్ని సగానికి తగ్గించి సాక్సోఫోన్ సోలో మొదటి అర నిమిషం వినండి. ఒక చిన్న నాలుగు స్వరాల ముక్క పదే పదే దొరుకుతుంది: స రి గ ప. అంతే. శ్రుతి మారగానే అదే స రి గ ప కొత్త షడ్జమం మీద. ఆకాశం నుంచి ఊడిపడినట్టు అనిపించిన ఆ వరదలో సగం, పిల్లలు అభ్యాసం చేసే వరుసలాంటిదని చూసినప్పుడు నాకు నవ్వొచ్చింది, తర్వాత గౌరవం పెరిగింది. గంటల కొద్దీ సాధన చేసిన మనిషి అని ఆయన గురించి అందరూ చెప్పేదానికి రుజువు అది.

సాక్సోఫోన్, ఫ్లూట్, కీబోర్డు ఏది నేర్చుకుంటున్నా దీన్ని సాధన చేయవచ్చు. సి మీద స రి గ ప, తర్వాత ఏ ఫ్లాట్ మీద, తర్వాత ఇ మీద, మళ్లీ సి. మెట్రోనోమ్ 60 దగ్గర మొదలుపెట్టి, మూడు చోట్లా తడబాటు పోయాకే నాలుగేసి చొప్పున పెంచండి.

పియానో సోలో కూడా వదలొద్దు. టామీ ఫ్లానగన్ మంచి పియానిస్టు. అయినా ఈ దారిలో ఆయన వాక్యాలు తెగిపోతాయి, కాసేపటికి కార్డులు మాత్రం పెట్టి సరిపెట్టుకుంటాడు. ఆ పాట ఎంత కష్టమో కోల్‌ట్రేన్ వేగం చెప్పదు, ఫ్లానగన్ తడబాటు చెబుతుంది.

ఐదో అడుగు: ఖరహరప్రియ స్వరాలతో సో వాట్

విచిత్రం ఏమిటంటే, జెయింట్ స్టెప్స్‌కు రెండు నెలల ముందే, 1959 మార్చిలో ఆయన దానికి పూర్తిగా వ్యతిరేక దిశలో ఉన్న సంగీతంలోనూ వాయించాడు. మైల్స్ డేవిస్ ఆల్బమ్ కైండ్ ఆఫ్ బ్లూలోని సో వాట్. 32 బార్లలో రెండే మెట్లు: 16 బార్లు ఒకటి, 8 బార్లు అర మెట్టు పైన, మళ్లీ 8 బార్లు మొదటిది. వాళ్లు డోరియన్ అనే ఆ స్వరాల వరుస మన ఖరహరప్రియ వరుసే. గమకాలూ సంచారాలూ వెతక్కండి, అవి ఉండవు. హార్మోనియం మీద స రి గ మ పెట్టుకుని రికార్డుతో పాటు వాయిస్తూ పోతే మాత్రం పాట చేతికందుతుంది.

తర్వాత కోల్‌ట్రేన్ ఇదే చట్రం మీద ఇంప్రెషన్స్ అని తన పాట చేసుకున్నాడు. నడక చాలా వేగం. సో వాట్ విన్న వెంటనే దాన్ని వినండి.

ఆరో అడుగు: ఇండియా, కాస్త జాగ్రత్తగా

మనవాళ్లు ఇక్కడ పొంగిపోతారు, నేనూ పొంగిపోయాను. 1961 నవంబర్‌లో న్యూయార్క్‌లోని విలేజ్ వాన్‌గార్డ్ క్లబ్బులో కోల్‌ట్రేన్ ఇండియా అనే పాట వాయించాడు. పక్కన మరో సాక్సోఫోన్ వాద్యకారుడు ఎరిక్ డాల్ఫీ, ఇద్దరు బేస్ వాద్యకారులు. రవిశంకర్ సంగీతం మీద ఆయనకున్న ఇష్టం దాపరికం లేనిది. ఆయన్ని కలిశాడు, 1965లో పుట్టిన కొడుక్కి రవి అని పేరు పెట్టాడు. ఆ రవి కోల్‌ట్రేన్ ఇప్పుడు పేరున్న సాక్సోఫోన్ వాద్యకారుడు.

అయినా ఈ పాటలో ఇది ఏ రాగం అని వెతికితే నిరాశే. ఆయన మన సంగీతం నుంచి తీసుకున్నది రాగం కాదు, ఓపిక. ఒకే శ్రుతి కింద నిలిచి ఉండగా ఎంతసేపైనా, ఎంత లోతుకైనా వెళ్లవచ్చన్న నమ్మకం. రెండు బేసులు ఒకదానికొకటి అల్లుకుని తంబూరా పని ఎలా చేస్తున్నాయో వినండి, చాలు.

తెలుగు నేలకు కలిసే దారి ఆయన భార్య ఆలిస్ కోల్‌ట్రేన్ వైపు నుంచి వచ్చింది. పియానో, హార్ప్ వాయించే ఆవిడ, భర్త పోయాక ఆధ్యాత్మిక మార్గం పట్టి తురీయసంగీతానంద అయ్యారు. పుట్టపర్తి సత్యసాయిబాబా భక్తురాలు. కాలిఫోర్నియాలో ఆవిడ నడిపిన ఆశ్రమం పేరు సాయి అనంతం. అక్కడ పాడిన భజనల్లో అమెరికా నల్లజాతి చర్చి పాట, మన నామావళి కలిసిపోయి ఉంటాయి. చప్పట్లు కొట్టే చోటు ఒక్కటి చాలు, రెండూ ఎలా కలిశాయో పట్టించడానికి.

ఏడో అడుగు: మాట లేకుండా చదివిన పద్యం

ఎ లవ్ సుప్రీమ్‌ను 1964 డిసెంబర్ 9న ఒక్కరోజులో రికార్డు చేశారు. నాలుగు భాగాలు, అన్నీ కలిపి 33 నిమిషాలు. మొదటి భాగంలో బేస్ వాయించే నాలుగు స్వరాల ముక్కను పట్టుకోండి. భాగం చివరికొచ్చేసరికి కోల్‌ట్రేన్ ఆ ముక్కను 12 శ్రుతుల్లోనూ తిప్పుతాడు. ఆ తర్వాత మనిషి గొంతుతో అదే జపంలా వస్తుంది.

అసలు రహస్యం నాలుగో భాగం సామ్‌లో ఉంది. ఆల్బమ్ అట్ట మీద కోల్‌ట్రేన్ రాసిన ప్రార్థనా పద్యం ఒకటి అచ్చువేశారు. నెట్‌లో తేలిగ్గా దొరుకుతుంది. దాన్ని ఎదురుగా పెట్టుకుని ఈ భాగం నడపండి. సాక్సోఫోన్ ఆ పద్యాన్ని అక్షరం అక్షరం చదువుతోంది! తాళం లేదు, వెనక ఎల్విన్ జోన్స్ టింపనీ (నగారాలాంటి పెద్ద డ్రమ్ము) ఉరుము. దేవుడికి కృతజ్ఞత చెప్పే మాట వచ్చిన ప్రతిసారీ స్వరం దిగి కుదురుకుంటుంది. పౌరాణిక నాటకంలో హార్మోనియం శ్రుతి మీద పద్యం ఎత్తి, పాదం చివర రాగం తీసి నిలిపే నటుణ్ణి విన్నవాళ్లకు ఈ పద్ధతి కొత్త కాదు. మొదటిసారి వేలితో గీతలు వెతుక్కుంటూ దారి తప్పుతారు. రెండోసారి పట్టుబడుతుంది.

అలబామా కూడా ఇదే రోజు వినండి. 1963 సెప్టెంబర్ 15న అమెరికాలోని అలబామా రాష్ట్రం, బర్మింగ్‌హామ్‌లో జాత్యహంకారులు చర్చిలో పెట్టిన బాంబుకు నలుగురు అమ్మాయిలు బలయ్యారు. రెండు నెలల తర్వాత రికార్డు చేసిన పాట. దాని గురించి వివరణ రాయబుద్ధి కావడం లేదు.

చివరి అడుగు: మళ్లీ మొదటి పాట దగ్గరికి

1965 తర్వాత కోల్‌ట్రేన్ చాలామందికి దూరమయ్యాడు. ఆ ఏడాది చివర్లో టైనర్, ఆ వెంటనే జోన్స్ బృందం వదిలిపోయారు. పియానో మీద ఆలిస్, సాక్సోఫోన్ మీద ఫరో సాండర్స్, డ్రమ్స్ మీద రషీద్ అలీ వచ్చారు. లెక్కకు అందే తాళం పోయింది. ఈ దశ మొత్తం నాకు నచ్చుతుందని అబద్ధం చెప్పను. అసెన్షన్ ఆల్బమ్‌ను నేను ఇప్పటికీ ఒక్క బిగిన పూర్తిగా వినలేను.

కానీ మీ చేతిలో పాట ఉంది కదా. వరుసగా వెళ్లండి. 1963 న్యూపోర్ట్ ఉత్సవం: రాయ్ హేన్స్ డ్రమ్స్ మీద ఉన్నాడు, పాట ఇంకా పాటలాగే ఉంటుంది, వేడి పెరిగింది. 1966 మేలో విలేజ్ వాన్‌గార్డ్: జిమ్మీ గారిసన్ ఒంటరిగా బేస్ వాయిస్తాడు, ఆ తర్వాతే పాట. అదే జులైలో టోక్యో: గంటకు కాస్త తక్కువ. ఒకే కూర్చోవడంలో అక్కర్లేదు, మూడు రోజులు తీసుకోండి. సాక్సోఫోన్ ప్రవేశించిన చోటు నుంచి మాత్రం ఒక్క పని చేయండి. మీరు మొదటి వారం కూనిరాగం తీసిన ఆ షడ్జమ పంచమాల ఎగురు ఎక్కడ తేలుతుందో గుర్తించి, టైమ్ రాసుకోండి.

ఆఖరిది 1967 ఏప్రిల్ 23, హార్లెమ్‌లోని ఒలతుంజీ కేంద్రంలో. జులై 17న కాలేయ క్యాన్సర్‌తో పోయాడు, వయసు 40. రికార్డింగ్ బాగుండదు. డ్రమ్స్ శబ్దం పగిలిపోతుంది, మిగతావన్నీ ఒకదాని మీద ఒకటి పడుతుంటాయి. వాల్యూమ్ తగ్గించి పెట్టుకోండి. ఆ రొదలోంచి ఆ పాట ఒక్కసారి తల ఎత్తుతుంది, వెంటనే మునుగుతుంది. అది అదేనని మీకు ఎవరూ చెప్పనక్కర్లేదు.